సెలూన్ కత్తితో ఇంట్లోనే గడ్డం: కొత్తవాడు ఎలా మొదలుపెట్టాలి?

బురుజు_నీడ, కర్నూలు

నాలుగైదు బ్లేడ్లు ఒకే తలలో ఉండే కార్ట్రిడ్జ్ రేజర్ వాడుతున్నా. మెడ మీద, దవడ కింద ఎర్రటి పొక్కులు తగ్గడం లేదు. గీసుకున్న మర్నాడు దురద. ఆ తర్వాత వెంట్రుక లోపలికే తిరిగి గడ్డ కడుతుంది. అదే సెలూన్‌లో చేయించుకుంటే ఈ బాధ ఉండదు. అక్కడ వాడేది మనందరం చూసిన మడత కత్తే, మామూలు బ్లేడును సగానికి విరిచి అందులో పెడతారు. ఆ కత్తినే నేర్చుకుందామని వన్‌టౌన్‌లో సెలూన్ సామాన్లు అమ్మే కొట్లో స్టీలుది ఒకటి కొన్నాను. ఇంకా ముఖం మీద పెట్టలేదు. మా నాయన దాన్ని చూసినప్పటి నుంచి "గొంతు కోసుకుంటావా ఏందిరా" అని ఒకటే గోల.

ముందు సేఫ్టీ రేజర్ (మామూలు బ్లేడు ఒకటే పట్టే పాత రకం రేజర్) నేర్చుకొని తర్వాత దీనికి రావాలా, నేరుగా మొదలుపెట్టొచ్చా? ఎంత వాలుగా పట్టాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తున్నారు. వాడుతున్నవాళ్లు చెప్తే నమ్మకంగా ఉంటుంది.

ఉగ్గాని_బజ్జీ, అనంతపురం

సెలూన్‌కు పోతే పేపర్ చదువుకోవచ్చు, ఊరి రాజకీయం మొత్తం తెలుస్తుంది, గడ్డం కూడా అయిపోతుంది. ఇంట్లో మూడోది ఒక్కటే అవుతుందప్పా.

టవర్‌క్లాక్, అనంతపురం

ముందు సేఫ్టీ రేజర్ అనే నా మాట. అది ఆర్నెల్లు వాడితే మూడు సంగతులు వాటంతట అవే వస్తాయి. నురగ ఎంత చిక్కగా ఉండాలి, మన గడ్డం ఏ వైపు మొలుస్తుంది, ఒకే బ్లేడు చర్మం మీద ఎంత బరువు ఓర్చుకుంటుంది. ఈ మూడూ తెలియకుండా కత్తి పట్టుకుంటే అన్నీ ఒకేసారి నేర్చుకోవాలి. రెండింటికీ బ్లేడు ఒకటే కాబట్టి డబ్బు కూడా వృథా కాదు.

పెన్నా_ఇసుక, కడప

టవర్‌క్లాక్ అన్న చెప్పిన మూడింటిలో మొదటి రెండూ ఒప్పుకుంటా. మూడోది ఒప్పుకోను. సేఫ్టీ రేజర్‌లో వాలు నిర్ణయించేది దాని తల. బ్లేడు కొంచెమే బయటికి ఉంటుంది, కింద కడ్డీ కాపు కాస్తుంది. అందుకే కాస్త అదిమినా ఏమీ కాదు. ఆ అదిమే అలవాటే కత్తి దగ్గర కొంప ముంచుతుంది. నేను సేఫ్టీ రేజర్ చాలాకాలం వాడాకే కత్తికి వచ్చాను, వాలు పట్టడం మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి బురుజు_నీడ నేరుగా మొదలుపెట్టినా తప్పు లేదు. తొందర లేకుండా ఉంటే చాలు.

సానరాయి, కర్నూలు

ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. నేర్చుకోవాలంటే సానబెట్టే అసలు కత్తే నేర్చుకోవాలి. మామూలు బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని సగం చేసి ఈ మడత కత్తిలో పెడితే, అంచు చాలా వాడిగా ఉంటుంది, రెండు మూలలూ సూదుల్లా ఉంటాయి. పాత రకం కత్తి అలా కాదు. వెన్ను లావుగా, అంచు వైపు సన్నబడుతూ ఉంటుంది. దాని బరువు చేతికి తెలుస్తుంది, అంచు కాస్త మెత్తగా నడుస్తుంది, చిన్న తడబాటును ఓర్చుకుంటుంది. జర్మనీలో జోలింగెన్ అనే ఊరు ఈ కత్తులకు పేరు. షావెట్ అని ఇప్పుడు అందరూ అంటున్నది కూడా అక్కడి డోవో కంపెనీ తన బ్లేడు కత్తికి పెట్టుకున్న పేరే. ఒకసారి మంచి కత్తి కొంటే మనవళ్ల దాకా వస్తుంది.

బురుజు_నీడ

సానరాయి అన్నా, దానికి తోలు పట్టా, సాన రాయి, సాన పట్టే విద్య అన్నీ కావాలి కదా. గడ్డం పక్కన పెట్టి సాన నేర్చుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు డ్యూటీకి పోవాలి. కొన్నది ఉంది కాబట్టి దీంతోనే.

సానరాయి

పట్టా మీద రుద్దడం రెండు నిమిషాల పని. రాయి మీద పెట్టడం ఎప్పుడో గానీ అవసరం రాదు. సరే, నీ ఇష్టం. మూలల సంగతి మాత్రం మరవొద్దు.

సెలూన్_మూడోతరం, ప్రొద్దుటూరు

ఇవాళ మంగళవారం, షాపు సెలవు. తీరిగ్గా రాస్తాను. మా ఇంట్లో తాత నుంచి ఇదే పని. తాత చేతిలో సాన కత్తి ఉండేది. ఎయిడ్స్ గురించి ఊరూరా ప్రచారం జరిగిన రోజుల్లో జనం కొత్త బ్లేడు వేయమని అడగడం మొదలుపెట్టారని, అప్పటి నుంచే ఈ బ్లేడు కత్తికి మారామని మా నాన్న చెప్తారు. సానరాయి గారు చెప్పిన తేడా నిజమే, మా తాత కూడా అదే మాట అనేవాడు. అయినా వందల మంది కూర్చునే కుర్చీలో మనిషికో కొత్త అంచు పడాలి. అందుకే నా చేతిలో ఉండేది బురుజు_నీడ కొన్నదే.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఎదుటివాడి గడ్డం చేయడం వేరు, మన గడ్డం మనం చేసుకోవడం వేరు. కుర్చీలో ఉన్న మనిషి చుట్టూ మేం తిరుగుతాం, తల మాకు కావాల్సిన వైపు తిప్పుకుంటాం, రెండో చేత్తో చర్మం లాగి పడతాం. మీరు అద్దం ముందు నిలబడితే ఎదురు చెంపకు చేయి ముఖం మీదుగా అడ్డం పోవాలి, అప్పుడు ఆ చేయే అద్దాన్ని మూసేస్తుంది. కాబట్టి సెలూన్‌లో మేం చేసేది చూసి అట్లాగే చేయబోకండి. మా దగ్గర పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు గాలి బుడగకు (బెలూన్‌కు) నురగ పూసి, పగలకుండా గీయమంటాం. మీరూ చేయండి. బుడగ నిలిచిందంటే చేతి బరువు తగ్గినట్టు.

బ్లేడు విరవడం. పై కాగితం తీయకుండానే, రెండు కొసల దగ్గర పట్టుకుని పొడవునా మధ్యకు వంచండి. టక్కున రెండు ముక్కలవుతుంది. కాగితం విప్పి విరిస్తే వేలు తెగేది అప్పుడే. సగాన్ని కత్తిలో పెట్టాక రెండు కొసలూ ఒకే లెక్కలో బయటికి వచ్చాయా లేదా చూడాలి. ఒక కొస ఎక్కువ వచ్చిందంటే ఆ వైపు మూలే ముందు చర్మానికి తగులుతుంది. క్లిప్ గట్టిగా పడిందో లేదో గోటితో బ్లేడు వెనక వైపు తోసి చూడండి, అంచు వైపు కాదు.

పట్టు. కత్తి మెడ, అంటే బ్లేడు పట్టే భాగం వెనకుండే సన్నటి కాడ మీద మూడు వేళ్లు పైన, బొటనవేలు కింద, దాని చివరి తోక మీద చిటికెన వేలు. పిడికిలి బిగించొద్దు. ముందు కత్తిని చెంప మీద బోర్లా పడుకోబెట్టండి. వెన్ను కొంచెం ఎత్తండి. ముప్పై డిగ్రీలు అంటారు గానీ అద్దం ముందు డిగ్రీలు ఎవరు కొలుస్తారు, పడుకున్న దానికంటే కొంచెం లేచి ఉండాలి, అంతే. మరీ పడుకుంటే వెంట్రుకను లాగుతుంది. మరీ లేస్తే చర్మాన్ని గీరుతుంది. సరైన వాలులో సన్నగా బరబరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినండి, ఫ్యాన్ ఆపేసి మరీ వినండి.

లాగేటప్పుడు ఒక అంగుళం చాలు. ఆపి, ఎత్తి, మళ్లీ పెట్టండి. అంచు పొడవు వెంబడి పక్కకు ఎప్పుడూ జరపొద్దు. కూరగాయ కోసేది ఆ కదలికే, చర్మం తెగేది కూడా ఆ కదలికకే.

తొలి రోజుల్లో రెండు చెంపలు మాత్రమే చేయండి. మిగతాది మీ పాత రేజర్‌తో ముగించండి. చెంప చదునుగా ఉంటుంది, వెంట్రుక కిందికే మొలుస్తుంది, చర్మం లాగడం తేలిక. గడ్డం ముక్కు (చుబుకం), పై పెదవి, గొంతు ఎముక చివరికి ఉంచుకోండి.

బురుజు_నీడ

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా. బుడగలు ఇవాళే తెస్తా. చర్మం లాగేటప్పుడు నురగకు వేళ్లు జారితే ఏం చేయాలి?

సెలూన్_మూడోతరం

పటిక. తడి చేసిన పటిక ముక్కను రెండో చేతి వేళ్ల కొసలకు రుద్దుకోండి. చర్మం మీద పట్టు దొరుకుతుంది. ముందు నురగ లేని చోట, అంటే చెవి ముందు, దవడ కింద పట్టి లాగండి.

ఉగ్గాని_బజ్జీ

ఇంట్లో పిల్లోడి పుట్టినరోజుకు తెచ్చిన బుడగల మీద మాత్రం నేర్చుకోవద్దు. ఆ ఏడుపు ఆపడం కష్టం.

డ్యూటీ_నర్సు, కడప

పొక్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆయన మొదలుపెట్టిందే దానితో. ఎక్కువ బ్లేడ్లున్న రేజర్‌లో మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు తర్వాతి బ్లేడు కోస్తుంది. దాంతో వెంట్రుక చర్మం మట్టం కంటే లోపలికి తెగుతుంది. వెంట్రుక వంకీలు తిరిగే రకమైతే పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఒకే అంచుతో, మొలిచే దిక్కునే గీస్తే ఇది చాలామందికి తగ్గుతుంది. అంటే బాగుచేసేది కత్తి కాదు, మరీ లోతుగా గీయకపోవడం. అదే కత్తితో నున్నగా కావాలని ఎదురు దిక్కుకు గీస్తే పొక్కులు మళ్లీ వస్తాయి.

ఇప్పుడు పొక్కులు పచ్చిగా ఉంటే అవి మానేదాకా గడ్డం పెంచండి. వాటి మీద కత్తి పెట్టొద్దు. చీము పడితే చర్మ డాక్టరుకు చూపించండి.

ఇంకో మాట. ఇంట్లో ఇద్దరు వాడుతుంటే బ్లేడు ఎవరిది వాళ్లదే. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. కడిగాం కదా అనుకోవద్దు. బి కి టీకా ఉంది, సి కి లేదు. సెలూన్‌లో కూడా బ్లేడు మన కళ్ల ముందు మార్చమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

సెలూన్_మూడోతరం

అక్క మాటకు పూర్తిగా ఒప్పుకుంటా. అడిగితే కోప్పడే షాపుకు పోవద్దు. బ్లేడు మార్చడంతో పాటు కత్తి నోరు (బ్లేడు పెట్టే చోటు) కూడా తుడవాలి, మేం ప్రతి మనిషికీ స్పిరిట్‌తో తుడుస్తాం. ఇంట్లో కూడా వాడాక బ్లేడు తీసి, కత్తి కడిగి, ఆరబెట్టి మడవండి. తడి లోపల ఉంటే తుప్పు పడుతుంది.

టవర్‌క్లాక్

నున్నగా రాకపోతే ఇంత కష్టపడి కత్తి పట్టడం ఎందుకు? ఎదురు దిక్కు ఒక్కసారి గీయందే చేత్తో తడిమితే గరగర పోదు.

డ్యూటీ_నర్సు

మీకు పొక్కులు రావు కాబట్టి మీరు గీసుకోవచ్చు. ఆయనకు వస్తున్నాయి. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

పెన్నా_ఇసుక

మధ్యలో ఒక దారి ఉంది. మొలిచే దిక్కున ఒకసారి, మళ్లీ నురగ రాసి దానికి అడ్డంగా ఒకసారి. ఎదురు పోనక్కర్లేదు. నురగ లేని చోట రెండోసారి కత్తి పెట్టడం మాత్రం వద్దు. మెడ మీద దిక్కు చూసుకోవడం ముఖ్యం. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు వేలితో నాలుగు వైపులా రాసి చూడండి. ఏ వైపు రాస్తే మెత్తగా ఉందో అదే మొలిచే దిక్కు. నాకు మెడ ఎడమ పక్క కిందికి, కుడి పక్క చెవి వైపుకు మొలుస్తుంది. అద్దం ముందు కూర్చుని కాగితం మీద బాణం గుర్తులు వేసుకుంటే ఇంకా మంచిది.

బోరునీళ్లు, అనంతపురం

నా బాధ వేరు. కత్తి పట్టడం వచ్చింది గానీ నురగ నిలవదు. మాది తాడిపత్రి రోడ్డు వైపు, బోరు నీళ్లు. బ్రష్ ఎంత తిప్పినా నీళ్ల నురగే, అద్దంలో చూసుకునేలోపు ఆరిపోతుంది. ఎండాకాలం మరీ అన్యాయం.

టవర్‌క్లాక్

ఉప్పు నీళ్లప్పా. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురగ కట్టకుండా తెల్లగా తెట్టు కడుతుంది. బకెట్ మీద, కుళాయి మీద పేరుకునే తెల్లటి చార అదే. గడ్డానికి కావాల్సింది ఒక గ్లాసు నీళ్లే కదా, తాగే క్యాన్ నీళ్లు వాడు. బ్రష్ నానబెట్టడానికి, నురగకు అవి. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లు చాలు. సత్యసాయి తాగునీటి పథకం నీళ్లు వచ్చే ఊరైతే ఆ కుళాయి నీళ్లు పట్టి పెట్టుకో.

బోరునీళ్లు

మా అత్తగారి ఊళ్లో నురగ బ్రహ్మాండంగా వస్తుంది. క్రీము మారిందేమో అనుకున్నా, నీళ్లన్నమాట. ఇక్కడ క్యాన్ నీళ్లు పెడతా.

పెన్నా_ఇసుక

నీళ్లు కాచినా కొంత లాభం ఉంటుంది. కాచితే ఉప్పులో కొంత భాగం అడుగున దిగిపోతుంది. పైగా గడ్డానికి వేడి నీళ్లు కావాలి కూడా. గడ్డం వెంట్రుక నీళ్లు తాగితే మెత్తబడుతుంది, దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్నానం అయ్యాక గీసుకుంటే సగం పని అయినట్టే. కడపలో మే నెలలో అయితే గది బయట గీసుకోవద్దు, నురగ ఆరడమే కాదు, చెమట కళ్లలో పడితే చేయి అదురుతుంది.

కొండెక్కినోడు, కర్నూలు

తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు మన చేతికే ఇస్తారు, చూసే ఉంటారు. వాళ్ల చేతి వేగం చూశాక నాకు కత్తి మీద భయం పోయింది. తల బాగా తడిపి, వేళ్లతో రుద్ది, తర్వాతే కత్తి పెడతారు. ఇక్కడ అందరూ చెప్తున్న నీళ్ల సంగతి నేను అక్కడే గమనించాను.

సెలూన్_మూడోతరం

నీళ్ల సంగతి నిజం. వేగం మాత్రం చూసి నేర్చుకోవద్దు. తల కింద ఎముక అంతటా గట్టిగా ఉంటుంది, చర్మం దాని మీద బిగిసి ఉంటుంది. దవడ కింద చర్మం వేలాడుతుంది, గొంతు దగ్గర కదులుతుంది. అక్కడ వేగం పనికిరాదు.

దర్గా_వీధి, కడప

ఏ బ్లేడు వాడుతున్నారు? మా అబ్బాజాన్ ఉస్తరాలో, అంటే ఈ కత్తిలోనే, టోపాజ్ తప్ప పెట్టేవారు కాదు. నాకు సెవెన్ ఓ క్లాక్ బాగుంది.

సానరాయి

జపాన్ ఫెదర్ అంత వాడి ఇంకోటి లేదు. కొత్తవాడు మాత్రం దాని జోలికి పోకూడదు.

టవర్‌క్లాక్

నా ముఖానికి సూపర్‌మ్యాక్స్. ముఖానికో బ్లేడు. అయిదేసి బ్లేడ్ల ప్యాకెట్లు మూడు నాలుగు రకాలు తెచ్చి, కుదిరింది పట్టుకోవడమే.

పెన్నా_ఇసుక

కానీ నేర్చుకునేటప్పుడు రకాలు మార్చకూడదు. ఒకటే పట్టుకుని, చేయి కుదిరాక మార్చాలి. లేకపోతే తెగింది బ్లేడు వల్లో చేతి వల్లో తెలియదు.

సానరాయి గారు వాడి తక్కువది వాడమన్నట్టుంది. అదీ జాగ్రత్తే. మొద్దు బ్లేడు లాగుతుంది, లాగితే మనం అదుముతాం, అదిమితే తెగుతుంది. సగం బ్లేడు ఇంట్లో రెండు మూడు గడ్డాలకు వస్తుంది. లాగినట్టు అనిపించిన క్షణమే మార్చేయండి. అంచును తువ్వాలుతో తుడవొద్దు.

సానరాయి

మొద్దుది వాడమనలేదు, ఫెదర్ వద్దన్నాను. వాళ్లదే ఆర్టిస్ట్ క్లబ్ అని వేరే కత్తి ఉంది, దానికి పొడుగాటి, మందమైన బ్లేడు వస్తుంది. వంగదు, అదరదు. ఖరీదు ఎక్కువ గానీ పాత కత్తికి అదే దగ్గర.

దర్గా_వీధి

ఖర్చు మాట వచ్చింది కాబట్టి, కార్ట్రిడ్జ్ ఒక్కటి కొనే డబ్బుతో మామూలు బ్లేడ్లు ప్యాకెట్ల కొద్దీ వస్తాయి. ఒక్కో బ్లేడు రెండు ముక్కలు. మా ఇంట్లో ఉస్తరా వాడటానికి అసలు కారణం అదే.

బురుజు_నీడ

మొదలుపెట్టాను. పొక్కులు మానేదాకా ఆగి, నర్సు అక్క చెప్పినట్టు కొంచెం పెరగనిచ్చాను. స్నానం చేసి, ఫ్యాన్ ఆపి, రెండు చెంపలూ చేశాను. ఎక్కడా తెగలేదు. కుడి చెంప హాయిగా వచ్చింది, సెలూన్_మూడోతరం అన్న చెప్పిన బరబర చప్పుడు వినబడింది. ఎడమ చెంప దగ్గర మాత్రం ఆయన చెప్పినట్టే నా చేయే అద్దానికి అడ్డం వచ్చింది. నెమ్మదిగా కానిచ్చాను. దవడ ఎముక దగ్గర ఆపేసి మిగతాది పాత రేజర్‌తో ముగించాను.

పటిక రాస్తే ఎడమ వైపు చెవి ముందు మంట పుట్టింది, కుడి వైపు ఏమీ లేదు. ఎందుకని?

సెలూన్_మూడోతరం

మంట పుట్టిన చోట చేయి బరువు పడింది. పటిక అబద్ధం చెప్పదు. రక్తం రాకపోయినా పైపొర గీరుకుపోయిన చోటును చూపిస్తుంది. రోజూ రాసి ఎక్కడ మండుతుందో గుర్తుపెట్టుకోండి, మర్నాడు అక్కడ చేయి తేలిక చేయండి.

ఎడమ చెంపకు రెండు దారులున్నాయి. ఒకటి, ఎడమ చేత్తో కత్తి పట్టడం. మొదట వింతగా ఉంటుంది గానీ రెండు చేతులూ ఇప్పుడే కొత్తవి కాబట్టి ఎడమ చేయి కూడా త్వరగానే కుదురుతుంది. ఇంకోటి, కుడి చేత్తోనే, మోచేయి పైకెత్తి, తల కొంచెం కుడికి తిప్పి చేయడం. నా సలహా ఎడమ చేయి.

టవర్‌క్లాక్

ఎడమ చేయి నాకు ఎప్పటికీ రాలేదు. మోచేయి ఎత్తే పద్ధతే నాది, పదేళ్లుగా బాగానే ఉంది. తప్పనిసరి అనుకోవద్దు.

బురుజు_నీడ

రెండూ చూస్తాను. గడ్డం ముక్కు, పై పెదవి ఎట్లా?

సెలూన్_మూడోతరం

గడ్డం ముక్కు గుండ్రం. దాని మీద ఒకే పొడుగు గీత గీయాలని చూడొద్దు. కింది పెదవిని పళ్ల మీదికి లోపలికి లాగితే చర్మం చదునవుతుంది. అర అంగుళం చొప్పున, వాలు మార్చుకుంటూ దిగాలి. పై పెదవికి ముక్కు కొసను వేలితో పైకెత్తి, పెదవిని కిందికి లాగి, పై నుంచి కిందికి మాత్రమే. ముక్కు కింద, నోటి మూలల దగ్గర బ్లేడు మూల వాడొద్దు, నడిమి భాగం వాడాలి. గొంతు ఎముక మీద నేరుగా గీయొద్దు. చర్మాన్ని పక్కకు జరిపి, ఎముక లేని చోట గీసి, మళ్లీ రెండో వైపు జరపాలి.

ఇవి కుదరడానికి నెలలు పట్టినా ఫర్వాలేదు. మా దగ్గర నేర్చుకునే పిల్లలకు కూడా గొంతు చివరికే ఇస్తాం.

రిటైర్డ్_మాస్టారు, కర్నూలు

నాకు అరవై దాటాయి. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. సెలూన్‌కు నడిచి పోవడం కష్టమై ఇంట్లో ఈ కత్తి నేర్చుకుందామనుకున్నాను. ఈ చర్చ చదివాక ధైర్యం వచ్చింది.

డ్యూటీ_నర్సు

మాస్టారూ, మీరు వద్దండి. ఆ మాత్రలు వేసుకుంటున్నప్పుడు చిన్న గీత పడినా రక్తం చాలాసేపు ఆగదు. షుగర్ కూడా ఉంటే మానడం ఆలస్యం. మీకు ఎలక్ట్రిక్ రేజరే మంచిది.

సెలూన్_మూడోతరం

లేదా దగ్గర్లో ఉన్న షాపువాళ్లను ఇంటికి పిలవండి మాస్టారూ. పెద్దవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు ఇంటికి పోయి చేయడం మా అందరికీ అలవాటే. మీరు మాత్రల సంగతి వాళ్లకు ముందే చెప్పాలి.

రిటైర్డ్_మాస్టారు

మంచి మాట చెప్పారు. మా వీధి అబ్బాయినే పిలుస్తాను.

ఇల్లాలు_అనంత, అనంతపురం

మా ఆయన ఈ కత్తి పిచ్చిలో పడ్డారు, అందుకే ఇది చదువుతున్నాను. ఆయన మీద నాకు టెన్షన్ లేదు, మా నాలుగేళ్ల వాడి మీదే. బాత్రూంలో సింక్ పక్కనే బ్లేడుతో సహా వదిలేస్తారు. ఇంకోటి, చెత్తబుట్టలో కాగితం చుట్టి బ్లేడు పడేస్తారు.

పెన్నా_ఇసుక

బ్లేడు తీయకుండా కత్తి మడిచి పెట్టకూడదక్కా. పిల్లలున్న ఇంట్లో పై అరలో, తాళం ఉంటే తాళం వేసి. ఇంకో సంగతి మీ ఆయనకు చెప్పండి. చేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోవద్దు. కాళ్లు వెనక్కి తీసి కింద పడనివ్వాలి. పడిన బ్లేడు మళ్లీ వాడకూడదు, అంచు దెబ్బతిని ఉంటుంది.

సెలూన్_మూడోతరం

వాడిన బ్లేడ్లకు మూత గట్టిగా పడే రేకు డబ్బా ఒకటి పెట్టండి. మూతకు బ్లేడు పట్టేంత సన్నగా చీలిక కోసి, మూత చుట్టూ టేపు వేసేయండి. ఒక ఇంటికి అది ఏళ్ల తరబడి నిండదు. చెత్తలో కాగితం చుట్టి పడేస్తే, చేత్తో ఏరే మున్సిపాలిటీ మనుషుల వేళ్లు తెగుతాయి. నిండాక డబ్బా మీద బ్లేడ్లు అని పెద్దగా రాసి, చెత్త బండి వచ్చినప్పుడు చెప్పి చేతికివ్వండి.

ఇల్లాలు_అనంత

పాలపొడి డబ్బా ఖాళీగా ఉంది. ఇవాళే చేయిస్తాను.

ఉగ్గాని_బజ్జీ

నేనూ ఒక కత్తి కొన్నా, నవ్వకండి. వచ్చే నెల పెళ్లికి విశాఖ పోవాలి, ఓర్వకల్లు నుంచి విమానం. బ్యాగులో పెట్టుకుంటే ఆపుతారా?

దర్గా_వీధి

చేతి బ్యాగులో బ్లేడు ఒప్పుకోరు. కత్తి, బ్లేడ్లు రెండూ చెక్-ఇన్ బ్యాగులో వేయి. కత్తిలో బ్లేడు ఉంచకుండా, బ్లేడ్లు వాటి ప్యాకెట్‌లోనే.

సెలూన్_మూడోతరం

పెళ్లి రోజు పొద్దున్నే మొదటిసారి గీసుకోవద్దు తమ్ముడూ. ఇప్పటి నుంచే చెంపలు మొదలుపెట్టు.